ఆడింది తక్కువ, ఆగింది ఎక్కువ: విశాఖ నుంచి చూస్తే దాయాదుల క్రికెట్

పాకిస్తాన్ పురుషుల జట్టు విశాఖపట్నంలో అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది ఒక్కసారే, 2005 ఏప్రిల్ 5న. మధురవాడ దాటాక పీఎం పాలెంలో కొత్తగా కట్టిన ఏసీఏ-వీడీసీఏ స్టేడియానికి అదే తొలి అంతర్జాతీయ మ్యాచ్ కూడా. అంతకుముందు నగరంలో వన్డేలు ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగేవి. కొత్త మైదానం, ఏప్రిల్ ఎండ, ఎదురుగా పాకిస్తాన్. ఒక ఊరి క్రికెట్ అభిమానికి ఇంతకు మించి ఏం కావాలి?

ఆ రోజు సచిన్ 2 పరుగులకే రనౌటయ్యాడు. మూడో నంబరు బ్యాటర్‌గా దిగింది జులపాల జుట్టు కుర్రాడు మహేంద్ర సింగ్ ధోనీ. అప్పటికి నాలుగు వన్డేలు ఆడాడు. వాటిలో చేసిన పరుగులు 0, 12, 7, 3. అన్నీ కలిపినా 22. కెప్టెన్ గంగూలీ అతన్ని కింది వరస నుంచి పైకి పంపాడు. ఒకవైపు సెహ్వాగ్ 40 బంతుల్లో 74 కొట్టి వెళ్లిపోతే, ధోనీ 123 బంతుల్లో 148 చేశాడు. 15 ఫోర్లు, 4 సిక్సర్లు. భారత్ 9 వికెట్లకు 356. పాకిస్తాన్ తరఫున అబ్దుల్ రజాక్ 88, యూసుఫ్ యోహానా 71 చేసి గట్టిగానే పోరాడినా 298 దగ్గర ఆగిపోయారు. వన్డేల్లో పాకిస్తాన్ మీద భారత్ అత్యధిక స్కోరు ఇప్పటికీ 356 పరుగులే. 2023 సెప్టెంబర్‌లో కొలంబోలో కోహ్లీ, రాహుల్ సెంచరీలతో మళ్లీ సరిగ్గా అన్నే పరుగులు చేశారు గానీ దాటలేదు.

విశాఖలో ఆ మ్యాచ్ ప్రస్తావన వస్తే మాట ధోనీ దగ్గరే మొదలై ధోనీ దగ్గరే ఆగుతుంది. అందులో తప్పేం లేదు. కానీ ఆ మ్యాచ్ ఈ ఊరిదాకా ఎలా వచ్చింది, తర్వాత ఎందుకు రాలేదు అన్న ప్రశ్నలు అంతకన్నా ఎక్కువ చెబుతాయి. 2005లో పాకిస్తాన్ వచ్చింది పూర్తి పర్యటనకు: 3 టెస్టులు, 6 వన్డేలు. అన్ని మ్యాచ్‌లుంటేనే కొచ్చి, విశాఖ, జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లకు వంతు దక్కుతుంది. ప్రపంచ కప్‌లో ఒకే ఒక్క భారత్-పాక్ మ్యాచ్ ఉంటే అది లక్షమందికి పైగా పట్టే అహ్మదాబాద్‌కే పోతుంది. దేశంలో ఆడటమే మానేస్తే దుబాయ్‌కో కొలంబోకో పోతుంది. ఈ రెండు దేశాల క్రికెట్ చరిత్రను మలిచినవి ఆడిన మ్యాచ్‌ల కన్నా ఆగిపోయిన ఏళ్లే. ఆ ఏళ్లను పక్కన పెట్టి గెలుపోటముల పట్టిక మాత్రమే చూస్తే కథలో సగమే తెలుస్తుంది.

మొదట్లో వీళ్లు పరాయివాళ్లు కారు. 1952లో పాకిస్తాన్ తన తొలి టెస్టు సిరీస్‌కు భారత్ వచ్చినప్పుడు కెప్టెన్ అబ్దుల్ హఫీజ్ కర్దార్. ఆయన 1946లో ఇంగ్లండ్‌లో భారత్ తరఫునే టెస్టులు ఆడాడు. అమీర్ ఇలాహీ కూడా రెండు దేశాలకూ ఆడినవాడే. ఫజల్ మహమూద్‌ను 1947-48 ఆస్ట్రేలియా పర్యటనకు భారత జట్టులో ఎంపిక చేశారు, విభజన తర్వాత ఆయన లాహోర్‌లోనే ఉండిపోయాడు. ఒకే ఇంట్లో పెరిగి, ఆస్తి పంచుకుని, గోడ కట్టుకున్నవాళ్ల మధ్య ఉండే పౌరుషమే ఆ సిరీస్‌లోనూ కనిపించింది.

ఢిల్లీలో జరిగిన తొలి టెస్టులో వినూ మన్కడ్ 13 వికెట్లు తీసి భారత్‌ను ఇన్నింగ్స్ తేడాతో గెలిపించాడని అందరూ రాస్తారు. దానికి ముందు జరిగిన ఒక చిన్న సంగతి తెలుగువాళ్లు గుర్తుంచుకోదగ్గది. చివరి వికెట్‌కు హేము అధికారికి తోడుగా వచ్చినవాడు హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. పదకొండో నంబరు ఆటగాడు, బ్యాటింగ్ అతని పని కాదు. ఇద్దరూ కలిసి ఆఖరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు. గులాం అహ్మద్ 50 చేశాడు, అధికారి 81తో అజేయంగా నిలిచాడు. మరుసటి టెస్టులోనే, లక్నోలో, ఫజల్ 12 వికెట్లతో లెక్క సరిచేశాడు. అంటే ఒకప్పుడు తాము ఎంపిక చేసుకున్న బౌలర్ చేతిలోనే భారత్ ఓడింది. చివరికి సిరీస్ 2-1తో భారత్‌ది.

ఆ తర్వాత మొదలైంది భయం. 1955 ఆరంభంలో భారత్ తొలిసారి పాకిస్తాన్ వెళ్లింది. అప్పుడు బోర్డు అధ్యక్షుడు మన విజయనగరం మహారాజ్ కుమార్, అందరూ పిలిచే విజ్జీ. లాహోర్ టెస్టు చూడటానికి సరిహద్దు దాటి వేలమంది వెళ్లారు. విభజన నెత్తురు ఆరి ఎనిమిదేళ్లు కూడా కాలేదు, జనం మాత్రం టికెట్లు కొనుక్కుని అటు వెళ్లారు. మైదానంలో జరిగింది మాత్రం నీరసమైన ఆట. ఐదు టెస్టులూ డ్రా. 1960-61లో పాకిస్తాన్ ఇక్కడికొస్తే ఆ ఐదూ డ్రానే. 1952 సిరీస్ చివరి రెండింటితో కలిపితే వరసగా 12 టెస్టులు తేలలేదు. గెలవాలన్న కోరిక కన్నా, ఓడితే ఇంటికెళ్లి ఏ ముఖం చూపించాలన్న టెన్షన్ రెండు జట్లనూ కట్టిపడేసింది. ఆ టెన్షన్ తర్వాతి తరాలకూ వారసత్వంగా వచ్చింది.

1961 ఫిబ్రవరి తర్వాత 17 ఏళ్లకు పైగా ఒక్క టెస్టూ లేదు. 1965 యుద్ధం, 1971 యుద్ధం ఆ మధ్యలోనే వచ్చాయి. చాలా ఊళ్లకు 1971 యుద్ధం రేడియో వార్తే, విశాఖకు అలా కాదు. విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముంగిట్లోనే పేలి మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. మన నౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌లకు (నీటి అడుగున పేలే బాంబులకు) మునిగిందని భారత్, దానంతట అదే పేలిందని పాకిస్తాన్ ఇప్పటికీ చెరో మాట చెబుతాయి. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఆర్కే బీచ్‌లో నడిచేవాళ్లు రోజూ చూసే ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఆ యుద్ధ విజయానికి గుర్తు. తూర్పు నౌకాదళ కేంద్రమైన ఊళ్లో పాకిస్తాన్ అన్న మాటకు క్రికెట్ కన్నా ముందే ఒక అర్థం ఉంది. యుద్ధం చేసిన నావికుల కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. అందుకే, ఆ శత్రుదేశపు జట్టు 2005లో ఇదే ఊరికొచ్చి ఒక పగలంతా ఆడి వెళ్లడం చిన్న విషయం కాదు.

అదే 1971 డిసెంబర్‌లో ఇంకొకటి జరిగింది. ఆస్ట్రేలియాలో సోబర్స్ నాయకత్వాన ప్రపంచ జట్టు పర్యటిస్తోంది. అందులో గవాస్కర్, బేడీ, ఫరూఖ్ ఇంజనీర్ ఉన్నారు. పాకిస్తాన్ ఆటగాళ్లు ఇంతికాబ్ ఆలం, జహీర్ అబ్బాస్ కూడా ఉన్నారు. దేశాలు బాంబులు వేసుకుంటుంటే వీళ్లు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని, ఒకే జట్టుకు ఆడారు. దేశాల మధ్య ఆట ఆగిపోయినా ఆటగాళ్ల మధ్య పరిచయం ఆగలేదన్నమాట. ఇంగ్లండ్ కౌంటీల్లోనూ అంతే. ఈ సంగతి ముఖ్యం, ఎందుకంటే ఈనాటి తరానికి ఆ పాటి పరిచయం కూడా మిగల్లేదు.

1978లో మళ్లీ మొదలయ్యాక ఆట మారిపోయింది. భయంతో డ్రాలు చేసుకునే కాలం పోయింది. ఆ ఏడాది పాకిస్తాన్ 2-0తో గెలిచింది. సాహివాల్ వన్డేలో పాక్ బౌలర్ సర్ఫరాజ్ వరసగా బౌన్సర్లు వేస్తుంటే అంపైర్లు వైడ్ ఇవ్వలేదని భారత కెప్టెన్ బేడీ తన బ్యాటర్లను వెనక్కి పిలిచి మ్యాచ్ వదిలేశాడు. మరుసటి ఏడాది భారత్ సొంతగడ్డ మీద 2-0తో బదులు తీర్చుకుంది. 1982-83లో ఇమ్రాన్ ఖాన్ ఒక్కడే 40 వికెట్లు తీసి భారత్‌ను 3-0తో మట్టి కరిపించాడు.

ఈ కాలంలో అందరికన్నా ఆసక్తికరమైన మనిషి ఆసిఫ్ ఇక్బాల్. పుట్టింది హైదరాబాద్‌లో. రంజీ ట్రోఫీ ఆడింది హైదరాబాద్‌కే. గులాం అహ్మద్‌కు స్వయానా మేనల్లుడు. 1961లో కుటుంబంతో పాకిస్తాన్ వెళ్లాడు. 1979-80లో పాకిస్తాన్ కెప్టెన్‌గా భారత్‌కు తిరిగొచ్చాడు. మేనమామ భారత్ తరఫున పాకిస్తాన్ మీద అర్ధసెంచరీ కొడితే, మేనల్లుడు పాకిస్తాన్ కెప్టెన్‌గా భారత్ మీద టాస్‌కు దిగాడు. తన చివరి టెస్టు కలకత్తాలో ఆడితే ఈడెన్ గార్డెన్స్ ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత అక్కడి వ్యాపారి అబ్దుల్ రహమాన్ బుఖాతిర్‌తో కలిసి షార్జాలో క్రికెట్‌ను నిలబెట్టింది కూడా ఆయనే.

షార్జా అనగానే 1986 ఏప్రిల్ 18. చివరి బంతికి 4 పరుగులు కావాలి. చేతన్ శర్మ వేసిన ఫుల్‌టాస్‌ను మియాందాద్ సిక్స్ కొట్టాడు, 116తో అజేయంగా నిలిచాడు. ఆ దెబ్బ మనవాళ్ల మనసుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిందని ఆ కాలం ఆటగాళ్లే చెబుతారు. అయితే మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో జరిగిన మ్యాచ్ గురించి ఎవరూ చెప్పరు. 1987 మార్చి 20న లాల్ బహదూర్ స్టేడియంలో రెండు జట్లూ సరిగ్గా 212 చేశాయి. భారత్ 6 వికెట్లు, పాకిస్తాన్ 7 వికెట్లు కోల్పోయాయి. చివరి బంతికి రెండో పరుగు కోసం పరిగెత్తి అబ్దుల్ ఖాదిర్ రనౌటవడంతో, తక్కువ వికెట్లు పోయిన భారత్‌ను విజేతగా ప్రకటించారు. చివరి బంతి దాకా వెళ్లిన మ్యాచే, కానీ గెలిస్తే మర్చిపోయి ఓడితే జీవితాంతం తలుచుకోవడం అభిమానుల లక్షణం.

ఇంత కొట్లాట మధ్య కూడా రెండు బోర్డులూ కలిసి 1987 ప్రపంచ కప్‌ను నిర్వహించాయి. ఆ టోర్నీ ఇంగ్లండ్ దాటి రావడం అదే మొదలు. 1996లో శ్రీలంకనూ కలుపుకొని మళ్లీ నిర్వహించాయి. కొలంబోలో బాంబు పేలాక ఆస్ట్రేలియా, వెస్టిండీస్ అక్కడ ఆడబోమన్నాయి. అప్పుడు భారత్, పాకిస్తాన్ ఒకే జట్టుగా కొలంబో వెళ్లి శ్రీలంకతో ఆడాయి. సచిన్, వసీం అక్రమ్, వకార్ ఒక జట్టు, కెప్టెన్ మన అజహరుద్దీన్. అది 1996 ఫిబ్రవరి 13. నెల తిరగకుండానే, మార్చి 9న, బెంగళూరు క్వార్టర్ ఫైనల్లో అదే అజహర్ కెప్టెన్‌గా భారత్ పాకిస్తాన్‌ను ఇంటికి పంపింది. ఆమిర్ సొహైల్ ఫోర్ కొట్టి వేలు చూపించడం, వెంకటేశ్ ప్రసాద్ తర్వాతి బంతికే స్టంప్ పడగొట్టడం ఆ మ్యాచ్‌లోనే. 1992, 1996, 1999 ప్రపంచ కప్‌లు మూడింట్లోనూ పాకిస్తాన్‌ను ఓడించిన కెప్టెన్ అజహరే. చివరిది మాంచెస్టర్‌లో, కార్గిల్‌లో కాల్పులు సాగుతుండగా జరిగింది.

అదే 1999 జనవరిలో చెన్నై టెస్టు. దాదాపు తొమ్మిదేళ్ల ఖాళీ తర్వాత దాయాదుల మధ్య మళ్లీ టెస్టు. గెలవడానికి 271 కావాలి. వెన్నునొప్పితో సచిన్ 136 చేశాడు. అతను ఔటయ్యేసరికి ఇంకా 17 పరుగులే కావాలి, చేతిలో మూడు వికెట్లున్నాయి. ఆ మూడూ నాలుగు పరుగుల్లో పోయాయి. 12 పరుగులతో ఓటమి. చెపాక్‌లో జనం కాసేపు కొయ్యబారిపోయి, తర్వాత లేచి నిలబడ్డారు. మైదానం చుట్టూ తిరిగిన పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు. సంబంధాలు ఎలా ఉండొచ్చో చెప్పడానికి ఈ ఒక్క సాయంత్రాన్నే చూపించేవాళ్లున్నారు, అది పూర్తి నిజం కాదు. మూడు వారాల తర్వాత కోల్‌కతాలో సచిన్ రనౌట్ మీద గొడవ పెరిగి ప్రేక్షకులను బయటికి పంపేశారు, చివరి వికెట్లు ఖాళీ స్టేడియంలో పడ్డాయి. ఢిల్లీ టెస్టుకు ముందు పిచ్‌ను తవ్వేశారు కూడా. అదే ఢిల్లీలో కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో 10 వికెట్లు తీశాడు. తరచుగా ఆడితే ద్వేషం మాయమైపోతుందని కాదు. ద్వేషంతో పాటు ఇంకేదైనా పుట్టడానికి కాస్త చోటు దొరుకుతుంది, అంతే. చెన్నైలో దొరికింది అదే.

ఆ చోటు అన్నిటికన్నా ఎక్కువ దొరికిన కాలం 2004 నుంచి 2007. 2004లో భారత్ వెళ్లినప్పుడు కరాచీ వన్డేలో 349 చేసి 5 పరుగులతో గెలిస్తే అక్కడి జనం నిలబడి చప్పట్లు కొట్టారు. సిరీస్ తేల్చే లాహోర్ వన్డేలో వీవీఎస్ లక్ష్మణ్ 107 చేశాడు. ముల్తాన్ టెస్టులో సెహ్వాగ్ 309. విశాఖ మ్యాచ్ ఈ వరసలోనిదే. ఆ సిరీస్‌లో కొచ్చి, విశాఖ గెలిచిన భారత్ తర్వాత నాలుగూ ఓడి 4-2తో సిరీస్ వదులుకుంది. విశాఖ విజయాన్ని తలుచుకునేవాళ్లకు ఈ ముక్క గుర్తుండదు. 2008 తొలి ఐపీఎల్‌లో షాహిద్ అఫ్రిది డెక్కన్ చార్జర్స్ చొక్కా వేసుకుని హైదరాబాద్ జట్టుకు ఆడాడంటే ఇప్పటి కుర్రాళ్లు నమ్మడం కష్టం.

ఆ నవంబర్‌లో ముంబయి మీద దాడి జరిగింది. అంతటితో పర్యటనలు ఆగిపోయాయి. 2012 డిసెంబర్, 2013 జనవరిలో చిన్న వన్డే, టీ20 సిరీస్ ఒకటి జరిగింది. ఆ తర్వాత రెండు దేశాల మధ్య సిరీస్ అన్నదే లేదు.

విచిత్రం ఏమిటంటే ఆట ఆగేకొద్దీ వ్యాపారం పెరిగింది. ఏడాదికో, రెండేళ్లకో దొరికే ఒక్క మ్యాచ్‌కు ప్రకటనల ధర ఆకాశాన్నంటింది. 2013 నుంచి దాదాపు ప్రతి ఐసీసీ పరిమిత ఓవర్ల టోర్నీలో ఈ రెండు జట్లూ ఒకే గ్రూపులో పడుతూ వచ్చాయంటే అది దైవికం కాదు. టోర్నీకి డబ్బు తెచ్చేది ఆ మ్యాచే. నెల ముందు నుంచి టీవీల్లో మహా యుద్ధమని ఊదరగొడతారు. తీరా ఆట చూస్తే చాలాసార్లు ఏకపక్షం. 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో పాకిస్తాన్ 180 పరుగులతో గెలిచింది. 2021లో దుబాయ్‌లో 10 వికెట్లతో గెలిచింది. 2023 అహ్మదాబాద్‌లో 191కే కుప్పకూలింది. 2022 మెల్‌బోర్న్‌లో కోహ్లీ 82 లాంటివి అరుదు.

అందుకే ఇప్పటి కుర్రాళ్లకు చరిత్ర వంకరగా అందింది. వన్డే ప్రపంచ కప్‌లో భారత్ 8-0 అని అందరికీ కంఠతా వచ్చు. కానీ 2025 చాంపియన్స్ ట్రోఫీ దాకా ఆడిన 136 వన్డేల్లో పాకిస్తాన్ 73, భారత్ 58 గెలిచాయని చెబితే విశాఖలో ఏ కాలేజీ క్యాంటీన్‌లోనైనా గూగుల్ చేసి చూసుకుంటారు. టెస్టుల్లోనూ 59లో పాకిస్తాన్ 12, భారత్ 9, మిగతావి డ్రా. ఇమ్రాన్, వసీం, వకార్ల కాలంలో వాళ్లది పైచేయి, అందుకే మన గెలుపుకు అంత రుచి. బలమైన ప్రత్యర్థిని మరిపించేస్తే మన గెలుపు విలువ కూడా తగ్గుతుంది.

2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో ఉగ్రవాదులు పొట్టన పెట్టుకున్నవారిలో విశాఖవాసి కూడా ఉన్నారు. ఆ శోకం ఈ ఊరి ఇళ్లలోది. అలాంటప్పుడు వాళ్లతో ఆటేమిటని అడిగేవాళ్లను ఆట తెలియనివాళ్లని కొట్టిపారేయడం అన్యాయం. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు మాత్రం సగమే. 2025 ఆగస్టులో ప్రకటించిన విధానం ప్రకారం పాకిస్తాన్‌తో సిరీస్‌లు ఎక్కడా ఆడరు, కానీ అనేక దేశాలు ఆడే టోర్నీల్లో ఆడతారు. ఆ వెంటనే సెప్టెంబర్‌లో ఆసియా కప్‌లో రెండు జట్లూ మూడుసార్లు తలపడ్డాయి. కరచాలనాలు లేవు. ఫైనల్లో 147 లక్ష్యానికి మొదట్లోనే వికెట్లు పోయినప్పుడు హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69తో చివరిదాకా నిలిచి గెలిపించాడు. ఆ ఇన్నింగ్స్ ఒత్తిడిలో ఎలా ఆడాలో చూపించే పాఠం. దాని గురించి మాట్లాడుకోవాల్సిన రాత్రి, పాకిస్తాన్ బోర్డు అధ్యక్షుడి చేతుల మీదుగా ట్రోఫీ తీసుకోవాలా వద్దా అన్న రగడతోనే గడిచిపోయింది.

ఆడకపోవడానికి కారణాలుంటే ఎక్కడా ఆడకపోవడంలో ఒక నిజాయితీ ఉంది. ఆడాలనుకుంటే పూర్తిగా ఆడటంలోనూ ఉంది. ఇప్పుడున్నది ఈ రెండూ కాదు. డబ్బు వచ్చే మ్యాచ్ మిగిలింది. టెస్టులు, పర్యటనలు, చిన్న ఊళ్ల మైదానాలు, ప్రత్యర్థి ఊళ్లో నాలుగు రోజులు తిరిగే అవకాశం, అన్నీ పోయాయి. 2024 డిసెంబర్‌లో ఐసీసీ ఖరారు చేసిన ఏర్పాటు 2027 దాకా ఉంటుంది: ఎవరు ఆతిథ్యం ఇచ్చినా ఈ రెండు జట్ల మ్యాచ్ మూడో దేశంలోనే. 2025 మహిళల ప్రపంచ కప్‌లో విశాఖకు నాలుగు రోజుల వ్యవధిలోనే దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలతో భారత్ మ్యాచ్‌లు దక్కాయి. పాకిస్తాన్ అమ్మాయిలు మాత్రం తమ మ్యాచ్‌లన్నీ కొలంబోలోనే ఆడారు.

చివరి టెస్టు 2007 డిసెంబర్‌లో బెంగళూరులో జరిగింది. ఆ తర్వాత టెస్టుల్లోకి వచ్చిన కోహ్లీ, రోహిత్, బుమ్రా, బాబర్ ఆజమ్ ఎవరూ దాయాది జట్టు మీద ఒక్క టెస్టూ ఆడలేదు. వీరిలో కోహ్లీ, రోహిత్ టెస్టుల నుంచి రిటైరయ్యారు కూడా. కోహ్లీ లాంటి బ్యాటర్ లాహోర్‌లో ఐదో రోజు పిచ్ మీద ఎలా ఆడేవాడో, బుమ్రా కరాచీలో పాత బంతితో ఏం చేసేవాడో ఇక ఏ రికార్డు పుస్తకంలోనూ దొరకదు. మియాందాద్‌తో మాటల యుద్ధం చేసిన గవాస్కర్ తరానికి, వసీంను ఎదుర్కొన్న సచిన్ తరానికి దక్కినది ఈ తరానికి దక్కలేదు. నష్టపోయింది ఆటగాళ్లూ, వాళ్లను చూడాల్సిన మనమూ.